నాలుగు కోర్సులు, ఒకే బాలింత: కాన్పు గది ఉమ్మడి డ్రిల్లు ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం: ఏం చేయబోతున్నాం

బోధనాసుపత్రి లేబర్ రూమ్‌లో హౌస్ సర్జన్లు, బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది వాళ్లు, ఫార్మ్‌డి (ఫార్మసీ డాక్టరేట్ కోర్సు) ఐదో ఏడాది వాళ్లు, ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థులు ఒకే పేషెంటు చుట్టూ తిరుగుతుంటారు. పాఠాలు మాత్రం ఎవరి కాలేజీలో వాళ్లవే. నర్సింగ్ విద్యార్థికి ఏ మందుల గురించి ఎంత లోతుగా చెప్పారో హౌస్ సర్జన్‌కు తెలియదు. బ్లడ్ బ్యాంకులో క్రాస్ మ్యాచ్‌కు (దాత రక్తం పేషెంటుకు సరిపడుతుందో చూసే పరీక్షకు) అంతసేపు ఎందుకు పడుతుందో మిగతా ముగ్గురికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన మొదటి నైట్ డ్యూటీలోనే వీళ్లంతా ఒక జట్టుగా పనిచేయాలి. ఆ రాత్రి రాకముందే ఒకసారి కల్పిత కేసుతో, అంటే డ్రిల్లుతో, కలిపి పని చేయించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన నిర్వచనం పనికొచ్చే కొలబద్ద: వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. మూడూ జరగాలి. మూడు వందల మందిని ఆడిటోరియంలో కూర్చోబెట్టి టీమ్‌వర్క్ మీద ఉపన్యాసం ఇస్తే ఒక్కటీ జరగదు. ఎవరి యూనిఫామ్ వాళ్లు ఎవరి వరుసలో వాళ్లు కూర్చుని, విని, వెళ్లిపోతారు. అందుకే ఆడిటోరియం ఆలోచన మొదటి సమావేశంలోనే పక్కన పెట్టాం.

ఈ చదువు కొత్తదేమీ కాదు. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయం 1986 నుంచి ఆరోగ్య కోర్సుల విద్యార్థులకు ఉమ్మడి పాఠాలు నడుపుతోంది. 1996లో అక్కడే విద్యార్థులు కలిసి నడిపే శిక్షణ వార్డు తెరిచారు. మన దగ్గర 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక, డాక్టరుకు ఉండాల్సిన ఐదు పాత్రల్లో ఒకటిగా ‘ఆరోగ్య బృందంలో నాయకుడు, సభ్యుడు’ అని రాసింది. సభ్యుడిగా ఉండటం నేర్పాలంటే బృందంలోని మిగతావాళ్లు ఆ గదిలో ఉండాలి కదా. రుజువుల సంగతికొస్తే, వైద్య అధ్యయనాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2013 సమీక్షకు నిలిచిన అధ్యయనాలు 15. వాటిలో 7 మంచి ఫలితాలు చూపించాయి, 4 మిశ్రమం, 4 ఏ మార్పూ చూపలేదు. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన ఫలితం వస్తుందని చెప్పడానికి వీల్లేదన్నమాట. ఎలా కలిపామన్నదే తేల్చుకోవాలి.

మొదటి కేసుగా కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని ఎంచుకున్నాం. కారణాలు రెండు. నిమిషాల మీద నడిచే పని, ఒక్కరి చేతులతో అయ్యేది కాదు. రెండోది, ఇందులో ఏం చేయాలన్న దానికి గట్టి ఆధారం ఉంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనంలో, రక్తాన్ని కొలిచి చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టిన చోట తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ముప్పులు కలిపి 1.6 శాతమే, మామూలు పద్ధతి నడిచిన చోట 4.3 శాతం. అక్కడ వాడినవన్నీ మన లేబర్ రూముల్లో ఉన్న మందులే. కొలవడం, కలిసి కదలడం దగ్గరే తేడా.

జూన్, మూడో వారం: కేసు అల్లిక

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఇక్కడే. మామూలు డ్రిల్లులో పేషెంటు వివరాలన్నీ ఒకే కాగితం మీద రాసి హౌస్ సర్జన్ చేతికిస్తారు. అతను చదివి ఆర్డర్లు వేస్తాడు, మిగతావాళ్లు అందిస్తారు. అలా చేస్తే ఉన్న అలవాటే ఇంకా గట్టిపడుతుంది. మా కేసులో సమాచారాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కోర్సు విద్యార్థి చేతిలో పెట్టాం. ఎవరి ముక్క బయటికి రాకపోయినా బాలింతకు హాని జరుగుతుంది.

పేషెంటు: 26 ఏళ్లు, రెండో కాన్పు, 38 వారాలు. మామూలు కాన్పు జరిగి 15 నిమిషాలైంది. మాయ పూర్తిగా పడింది, చీలిక లేదు. గర్భసంచి మెత్తబడి రక్తం పోతోంది.

హౌస్ సర్జన్ కార్డులో ఇంతవరకే ఉంటుంది.

నర్సింగ్ విద్యార్థి కార్డులో కేసు షీట్ లోపలి పేజీ: నిన్న సాయంత్రం బీపీ 150/100, బీపీ మందు లేబెటలాల్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు.

ఫార్మ్‌డి విద్యార్థి కార్డులో మందుల చరిత్ర: చలికాలంలో ఆయాసం, ఇంట్లో సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్, ఐదో నెలలో ఒకసారి నెబులైజేషన్. కేసు షీట్‌లో ఇది లేదు, ఎందుకంటే అడ్మిషన్ రోజు ‘బీపీ, షుగర్ ఉన్నాయా?’ అని మాత్రమే అడిగారు. ‘ఏ మందులు వాడుతున్నావమ్మా?’ అని అడిగితేనే ఇన్‌హేలర్ సంగతి బయటపడుతుంది.

ల్యాబ్ విద్యార్థి కార్డులో: బ్లడ్ గ్రూపు ఓ నెగటివ్, స్టాకులో ఒకే యూనిట్, పూర్తి క్రాస్ మ్యాచ్‌కు 45 నిమిషాలు, లేబుల్ లేని శాంపిల్ వస్తే తిప్పి పంపాలి.

ఉచ్చు ఎక్కడుందంటే, డ్రిల్లు మొదలయ్యేటప్పుడు మానిటర్ మీద బీపీ 128/84. చూడ్డానికి బాగానే ఉంది. నిన్న 150/100 ఉన్న మనిషికి అది అప్పటికే పడిపోతున్న బీపీ. ఈ అంకె చూసి హౌస్ సర్జన్ గర్భసంచిని బిగించే మెథర్జిన్ అడిగే అవకాశం చాలా ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు మెథర్జిన్ ఇవ్వకూడదు, ఒక్కసారిగా పెంచేస్తుంది. ఆ ముక్క నర్సింగ్ విద్యార్థి దగ్గరుంది. ఆమె ఆపితే తర్వాత అడిగేది అదే పని చేసే కార్బోప్రోస్ట్. ఆయాసం ఉన్నవాళ్లకు దానితో శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఆ ముక్క ఫార్మ్‌డి విద్యార్థి దగ్గరుంది. చివరికి మిగిలేవి గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, మిసోప్రోస్టాల్, రక్తం గడ్డను కరగనివ్వని ట్రానెగ్జామిక్ యాసిడ్. మూడూ ఈమెకు ఇవ్వదగినవే.

అంకెల పట్టీ ఇలా నడుస్తుంది. మొదట్లో, పోయిన రక్తాన్ని పట్టి కొలిచే సంచిలో 350 మి.లీ., పల్స్ 112. మూడో నిమిషానికి 550, పల్స్ 124, బీపీ 118/80. ఇక్కడ పల్స్ బీపీ పై అంకెను దాటింది, ఎవరైనా గట్టిగా చదివితే అందరికీ తడుతుంది. ఆరో నిమిషానికి 800, పల్స్ 132, 104/70. ఆలోగా గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్, మూత్రం తీయడం నాలుగూ మొదలైతే రక్తం తగ్గిస్తాం. లేకపోతే తొమ్మిదో నిమిషానికి 1,100, పల్స్ 140, 86/50. పన్నెండో నిమిషంలో డ్రిల్లు ఆపేస్తాం, ఫలితం ఏదైనా సరే. ఈ కేసులో పేషెంటు చనిపోదు. పేషెంటు చనిపోయేలా రాస్తే డ్రిల్లు తర్వాతి చర్చ (డీబ్రీఫ్) అంతా తప్పెవరిదన్న దాని చుట్టూ తిరుగుతుంది, నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది.

ఒక మనిషిని ఏ సిలబస్సూ లెక్కలోకి తీసుకోదు. ఆయమ్మ. శాంపిల్ పట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తేది ఆమే. రాత్రిపూట ఏ లిఫ్టు తాళం వేసి ఉంటుందో, ఏ మెట్లదారి దగ్గరో ఆమెకే తెలుసు. ప్రతి డ్రిల్లులో ఒక ఆయమ్మను డ్యూటీ వేళలోనే, జీతం పోకుండా, బృంద సభ్యురాలిగా పెట్టాలని సూపరింటెండెంట్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. ఆమెకు కార్డు ఇవ్వలేదు. ఆమెకు తెలిసినదే ఆమె కార్డు.

జులై, మొదటి వారం: సామాను

పేషెంటు బొమ్మలు కొనడానికి బడ్జెట్ లేకపోయినా ఈ డ్రిల్లు చేయొచ్చు. బెడ్ మీద నర్సింగ్ ట్యూటర్ పేషెంటుగా పడుకుంటారు. మాట్లాడే మనిషి ఉంటే బొమ్మ కంటే మేలు.

రక్తం: లీటరు నీటికి 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి రెండు మూడు నిమిషాలు తిప్పాలి. చల్లారాక ఒక టీస్పూను ఎర్ర ఫుడ్ కలర్, రంగు ముదరడానికి కొంచెం కాఫీ డికాక్షన్. పలుచటి గుడ్డలో వడకట్టడం మరిచిపోతే ఉండలు వాల్వులో ఇరుక్కుని సరిగ్గా డ్రిల్లు మధ్యలో ధార ఆగిపోతుంది. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి, మర్నాటికి పులిసి వాసన వస్తుంది.

ధార: 2 లీటర్ల యూరోబ్యాగ్ (మూత్రం పట్టే సంచి). పై గొట్టంలోకి 50 మి.లీ. సిరంజితో నింపాలి. అక్కడ వెనక్కి రాని వాల్వు ఉంటుంది కాబట్టి కారదు. కింది టాపుకు 60 సెంటీమీటర్ల గొట్టం తగిలించి, దుప్పటి కింద నుంచి పేషెంటు తొడల మధ్యకు తేవాలి. సెలైన్ సెట్టు వాడాలనిపిస్తుంది కానీ డ్రిప్ చాంబర్ దగ్గర వేగం పడిపోతుంది. మాకు కావాల్సింది నిమిషానికి 70 నుంచి 100 మి.లీ. కొలగ్లాసులో ఒక నిమిషం పట్టి చూసి, ఆ వేగానికి టాపు ఎంత తిప్పాలో మార్కరుతో గీత పెట్టుకోవాలి.

కొలిచే సంచి: గీతలున్న డ్రేప్ (కాన్పులో కింద పరిచే, రక్తం పట్టే ప్లాస్టిక్ షీటు) దొరికితే అదే. దొరక్కపోతే మందపాటి పారదర్శక పాలిథిన్ షీటును కింద గరాటులా మడిచి అంటించాలి. గీతలు పెట్టేటప్పుడు సంచిని బెడ్ అంచున వేలాడదీసి, 100 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ ఒక్కో మట్టం దగ్గర గీయాలి. బల్ల మీద పరిచి స్కేలుతో గీస్తే అంకెలన్నీ తప్పే, ఎందుకంటే నీళ్లు నిండేకొద్దీ సంచి ఉబ్బుతుంది.

గర్భసంచి: పాత బీపీ యంత్రం కఫ్‌లోని రబ్బరు సంచి చుట్టచుట్టి, పైన స్పాంజి, దాని మీద గుడ్డ. బల్బు పేషెంటుగా ఉన్న ట్యూటర్ చేతిలో ఉంటుంది. మర్దన సరిగ్గా చేస్తే నొక్కి గట్టిపరుస్తారు, చేయి తీసేస్తే గాలి వదిలేస్తారు.

మందులు: ఖాళీ ఆంపూల్స్ (ఇంజెక్షన్ మందు చిన్న గాజు సీసాలు), లేబుళ్లు ఉన్నవి. ఆక్సిటోసిన్ 5 యూనిట్లవి, ట్రానెగ్జామిక్ యాసిడ్ 500 మి.గ్రా.వి. రెండింటిలోనూ మొదటి డోసుకు రెండేసి ఆంపూల్స్ కావాలి. ‘ఒక ఆంపూల్ పెట్టండి’ అన్న ఆర్డరు ఎందుకు ప్రమాదమో ఇక్కడే కనిపిస్తుంది, సగం డోసు పడుతుంది. ఆర్డరు ఎప్పుడూ యూనిట్లలో, మిల్లీగ్రాముల్లో చెప్పాలి. శిక్షణ సామాను ప్రతిదానికీ ఎర్ర టేపు, ‘శిక్షణకు మాత్రమే’ అన్న చీటీ. లోపలికి ఎన్ని తెచ్చామో, బయటికి ఎన్ని తీసుకెళ్లామో ఇద్దరు లెక్కపెట్టి సంతకం చేయాలి. శిక్షణ ఆంపూల్ ఒక్కటైనా అసలు ఎమర్జెన్సీ ట్రేలో ఉండిపోతే ఈ ప్రాజెక్టు మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

జులై, చివరి వారం: టైమ్‌టేబుల్

మెడికల్, నర్సింగ్ కాలేజీలకు ఒకే ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో ఎన్టీఆర్, తెలంగాణలో కాళోజీ. ఫార్మసీ కాలేజీలు మాత్రం జేఎన్‌టీయూ, ఉస్మానియా, కాకతీయ వంటి వాటి కింద ఉంటాయి. పరీక్షలు, సెలవులు కలవవు. నాలుగు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి కలిసే రోజుల కోసం వెతికితే చేతికి వచ్చేవి చాలా తక్కువ.

పనిచేసిన పద్ధతి: హౌస్ సర్జన్ల ఓబీజీ (ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగం) పోస్టింగ్‌ను ఆధారంగా పెట్టుకుని, ఆ వారాల్లో లేబర్ రూమ్‌లోనే క్లినికల్ పోస్టింగ్ ఉన్న నర్సింగ్ బ్యాచ్‌ను, అదే వార్డులో తిరుగుతున్న ఫార్మ్‌డి వాళ్లను కలపడం. కొత్త క్లాసు అడగకూడదు, ఉన్న పోస్టింగ్ లోపలే గంట తీసుకోవాలి. మధ్యాహ్నం 2 నుంచి 3 మధ్య వేళ బాగుంది, ఉదయం రౌండ్లు, ఓపీ అయిపోయి ఉంటాయి. హాజరును నాలుగు కాలేజీలూ తమ లాగ్‌బుక్‌లో క్లినికల్ పనిగా రాసుకునేలా ముందే ఒప్పందం ఉండాలి. ఒక కోర్సుకు లెక్కలోకి వచ్చి ఇంకో కోర్సుకు రాకపోతే, రానివాళ్లు రెండో వారం నుంచి కనిపించరు.

ఒక్కో బృందం: ఇద్దరు హౌస్ సర్జన్లు, ముగ్గురు నర్సింగ్, ఒక ఫార్మ్‌డి, ఒక ల్యాబ్, ఒక ఆయమ్మ. మొత్తం ఎనిమిది. హౌస్ సర్జన్లు నలుగురైతే మాటలన్నీ వాళ్ల మధ్యే తిరుగుతాయి. ఫిజియోథెరపీ, డైటెటిక్స్ విభాగాలు కూడా వస్తామన్నాయి. ఈ కేసులో వాళ్లకు చేయడానికి నిజమైన పని లేదు. పని లేకుండా నిలబెడితే తాము అదనమన్న భావనతో వెళ్తారు. వాళ్ల కోసం వేరే కేసు రాయాలి.

ఆగస్టు, రెండో వారం: డ్రిల్లులో ఏం జరుగుతోంది

ముందు పది నిమిషాల బ్రీఫింగ్. మార్కులు లేవు, వీడియో బయటికి వెళ్లదు, పేషెంటుగా ఉన్నది ట్యూటరే అయినా బాలింతతో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఆ తర్వాత రక్తం అంచనా ఆట: మూడు ప్యాడ్ల మీద, ఒక మాపు మీద, ఒక ట్రేలో కొలిచిన రక్తం పోసి ఉంచుతాం. అందరూ విడివిడిగా చీటీ మీద అంకె రాయాలి. తర్వాత తడివాటిని వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి, పొడి బరువు తీసేస్తాం. గ్రాముకు మిల్లీలీటరు లెక్క. కంటి అంచనా, అందులోనూ ఎక్కువ రక్తం పోయినప్పుడు, తక్కువకే పడుతుంది. కోర్సు ఏదైనా అంతే. నాలుగు కోర్సుల వాళ్లూ ఒకేలా పొరబడ్డారని అందరూ కళ్లారా చూడటం మంచి మొదలు, ఆ తర్వాత సంచి మీది అంకె ఎవరు చదివినా మిగతావాళ్లు నమ్ముతారు.

మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు:

‘సిస్టర్, ఆక్సిటోసిన్ పెట్టండి.’ గదిలో ముగ్గురు సిస్టర్లున్నారు. ఒక్కోసారి ఇద్దరు ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తుతారు, ఒక్కోసారి ఎవరూ కదలరు. అందుకే ఛాతీ మీద తెల్ల టేపు, దాని మీద లావు అక్షరాలతో పేరు, కోర్సు. ఆర్డరు పేరు పెట్టి చెప్పాలి, విన్నవాళ్లు డోసుతో సహా తిరిగి చెప్పాలి, అయ్యాక ‘ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇచ్చాను, 2 గంటల 14 నిమిషాలకు’ అని ప్రకటించాలి. మూడు మెట్లలో మూడోదే ఎక్కువగా జారిపోతుంది. ఇచ్చారో లేదో తెలియక హౌస్ సర్జన్ రెండోసారి అడుగుతాడు.

ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల మీద నెమ్మదిగా వెళ్లాలి, గబగబా తోస్తే బీపీ పడిపోతుంది. కాన్పైన 3 గంటల లోపే ఇవ్వాలి. ఒకే లైను పెట్టుకుని దానిలో ఆక్సిటోసిన్ సెలైన్ పోనిస్తే దీనికి దారి ఉండదు. రెండో క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్న గొట్టం) ఎవరు పెడతారన్నది మొదటి నిమిషంలోనే తేలాలి.

నడిపించే హౌస్ సర్జన్ తానే మర్దనకు చేయి పెడతాడు. చేయి పెట్టగానే చూపు అక్కడే ఉండిపోతుంది, సంచి మీది అంకె చూడడు. నడిపేవాళ్లు పేషెంటు కాళ్ల వైపు, సంచీ మానిటరూ రెండూ కనిపించే చోట, చేతులు కట్టుకుని నిలబడాలి. రెండో హౌస్ సర్జన్ మర్దన చేస్తాడు.

శాంపిల్ లేబుల్ లేకుండా వెళ్తుంది. ల్యాబ్ విద్యార్థి కార్డు ప్రకారం తిప్పి పంపుతాడు. ‘ఇంత ఎమర్జెన్సీలో లేబుల్ ఏంటి’ అని అరుపు వస్తుంది. డీబ్రీఫ్‌లో అతను చెప్పే మాట వింటేనే మిగతావాళ్లకు అర్థమవుతుంది: తప్పు గ్రూపు రక్తం ఎక్కితే ప్రాణం పోతుంది, అలాంటి తప్పులకు బెడ్ పక్కన లేబుల్ వేయకపోవడం కూడా ఒక ముఖ్య కారణం.

ట్యూటర్ డ్రిల్లు మధ్యలో ‘కళ్లు తిరుగుతున్నాయమ్మా, నాకేమవుతోంది?’ అంటారు. ఎనిమిది మంది ఉన్న గదిలో చాలాసార్లు ఆ ప్రశ్న గాల్లోనే ఉండిపోతుంది. ఇప్పుడు చెక్‌లిస్టులో దానికో వరుస పెట్టాం: ఆమె తలవైపు ఒకరు నిలబడి, ఏం జరుగుతోందో ఆమెకు చెప్పారా?

ఆగస్టు, చివరి వారం: డీబ్రీఫ్

డ్రిల్లు 12 నిమిషాలు, డీబ్రీఫ్ 30. సమయం చాలకపోతే డ్రిల్లు తగ్గించాలి గానీ దీన్ని కాదు. నడిపేవాళ్లు ఇద్దరు, ఒకరు ఓబీజీ అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇంకొకరు నర్సింగ్ ట్యూటర్. ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు, అలా కూర్చుంటే అది ఇంటర్వ్యూ బోర్డు అవుతుంది. విద్యార్థులను కూడా కోర్సు వారీగా కూర్చోనివ్వం.

మాట్లాడే వరుస: ఆయమ్మ, నర్సింగ్, ల్యాబ్, ఫార్మ్‌డి, హౌస్ సర్జన్లు, చివర్లో అధ్యాపకులు. హౌస్ సర్జన్‌తో మొదలుపెడితే తర్వాతి వాళ్లంతా ‘సార్ చెప్పినట్టే’ అంటారు. ఓబీజీ అధ్యాపకులకు అలవాటైన పని మెథర్జిన్, కార్బోప్రోస్ట్ తేడాల మీద పాఠం మొదలుపెట్టడం. పాఠం కావాల్సిందే, కానీ ఇప్పుడు కాదు. గోడ మీద ఒక చార్టు అంటించి, వైద్య సందేహాలన్నీ దాని మీద రాసి చివరి ఐదు నిమిషాల్లో తీరుస్తాం.

ముఖ్యమైన పని బోర్డు మీద జరుగుతుంది. 0 నుంచి 12 వరకు నిమిషాల గీత. నర్సింగ్ విద్యార్థిని అడుగుతాం: ‘మెథర్జిన్ వద్దని మీకు ఎప్పుడు అనిపించింది?’ ఆ నిమిషం దగ్గర నీలి చుక్క. ‘ఎప్పుడు అన్నారు?’ ఎర్ర చుక్క. రెండు చుక్కల మధ్య ఉన్న ఖాళీ మీదే మిగతా చర్చ. ఈ ప్రాజెక్టు పట్టించుకునేది ఆ ఖాళీనే. ఆమెకు మందు గురించి తెలుసు. బీపీ చార్టు చేతిలోనే ఉంది. మరి ఆ మధ్యలో ఏమైంది? వచ్చే జవాబులు: సార్‌కు తెలిసే ఉంటుందనుకున్నాను, ఇప్పుడు 128 ఉంది కదా అనుకున్నాను, ఒకసారి మెల్లగా అన్నాను, వినలేదు.

అప్పుడు అదే ప్రశ్న అవతలి వైపు వేస్తాం. హౌస్ సర్జన్‌కు ఆ మెల్లగా అన్న మాట వినిపించిందా? వీడియోలో ఆ ముప్పై సెకన్లు మాత్రమే చూపిస్తాం. మొత్తం వీడియో వేస్తే ఎవరి జుట్టు, ఎవరి గొంతు అన్న దాని మీదికి ధ్యాస పోతుంది.

తర్వాత అక్కడికక్కడే రెండు వైపుల వాళ్లకూ మాటలు అలవాటు చేయిస్తాం. చెప్పేవాళ్లకు: ముందు విషయం, తర్వాత కోరిక. ‘సార్, మెథర్జిన్ ఆపండి. నిన్న బీపీ 150/100, లేబెటలాల్ మీద ఉంది.’ వినకపోతే ఇంకా గట్టిగా రెండోసారి. అప్పటికీ వినకపోతే ఆంపూల్ విరవకుండా పైనున్న పీజీ డాక్టర్ మేడమ్‌కు ఫోన్. ‘సార్, మెథర్జిన్ ఇవ్వొచ్చంటారా?’ అన్న మెత్తటి ప్రశ్న పనిచేయదు, ‘ఆ, ఇవ్వండి’ అన్న జవాబు వచ్చేస్తుంది. వినేవాళ్లకు: మొదటి మాట ‘ఆగుదాం’, రెండోది ‘ఎందుకు?’. అదీగాక నడిపే హౌస్ సర్జన్ ప్రతి మూడు నిమిషాలకు పరిస్థితి గట్టిగా చెప్పి, ‘తేడాగా ఏదైనా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి’ అని అడగాలి. ధైర్యంగా నోరు తెరవమని నర్సింగ్ విద్యార్థులకు మాత్రమే నేర్పి, విన్నప్పుడు ఎలా ఉండాలో హౌస్ సర్జన్లకు నేర్పకపోతే, నోరు తెరిచిన అమ్మాయి మొదటిసారి మాట పడగానే మళ్లీ మూసుకుంటుంది. బాధ్యత రెండు వైపులా ఉంది, వినే వైపే కొంచెం ఎక్కువ ఉంది.

భాష సంగతి. డీబ్రీఫ్ ఇంగ్లిషులో మొదలైతే తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ల గొంతు పెగలదు. తెలుగులోకి మారితే అఖిల భారత కోటాలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన హౌస్ సర్జన్ బయట ఉండిపోతాడు. చర్చ తెలుగులో, అతని పక్కన ఒకరు కూర్చుని ఎప్పటికప్పుడు చెప్పడం, ఎమర్జెన్సీ మాటలు మాత్రం అందరికీ ఒకే రకంగా. మందు పేరు, డోసు, అంకెలు ఇంగ్లిషులోనే ఉంటాయి, ‘ఆపండి’, ‘ఇచ్చాను’, ‘రక్తం ఎంత?’ లాంటి పది తెలుగు మాటలు గోడ మీద రోమన్ లిపిలో కూడా రాసి అతనికి ముందే నేర్పుతాం. అతను ఉద్యోగం చేసేదీ ఈ గదిలోనే.

సెప్టెంబరు: స్కిల్ ల్యాబ్ నుంచి లేబర్ రూమ్‌కు

స్కిల్ ల్యాబ్‌లో (శిక్షణ గదిలో) అన్నీ చేతికి అందేలా ఉంటాయి. అసలు గదిలో అలా ఉండవు. అందుకే ఖాళీ బెడ్ ఉన్నప్పుడు లేబర్ రూమ్‌లోనే డ్రిల్లు. ముందే రాసుకున్న నిబంధన: ప్రసవం జరుగుతున్న బెడ్ ఒకటికి మించి ఉన్నా, డ్యూటీ స్టాఫ్ నర్సు ‘ఈ రోజు వద్దు’ అన్నా డ్రిల్లు లేదు. కారణం అడగం. వరండాలో కూర్చున్న బంధువులకు ముందుగా చెప్పాలి, లోపలి అరుపులు విని తమ మనిషికే ఏదో అయిందని కంగారు పడతారు.

అసలు గదిలో చేస్తే గది లోపాలు బయటపడతాయి. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లో ఉంటుంది, తాళంచెవి డ్యూటీ మారినప్పుడు చేతులు మారదు. ఇప్పుడు ఫ్రిజ్ పక్కనే కొక్కెం, హ్యాండోవర్ పుస్తకంలో దానికి ఒక వరుస. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక అల్మరాలో, మిసోప్రోస్టాల్ ఇంకో చోట ఉంటే పరుగులతోనే సమయం పోతుంది. ఒకే పెట్టె కట్టించాం: ఆక్సిటోసిన్ తప్ప మిగతా మందులు, 16, 18 నంబరు క్యాన్యులాలు, సెలైన్, మూత్రం తీసే ఫోలీస్ క్యాథెటర్, శాంపిల్ ట్యూబులు, పెన్ను కట్టి ఉన్న బ్లడ్ రిక్వెస్టు ఫారాలు. మూత లోపలి వైపు డోసుల పట్టిక, మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములంటే 200 మాత్రలు నాలుగు, నాలుక కింద అని సహా. పెట్టెలో ఏ మందు ఉండాలి, దేని గడువు ఎప్పుడు తీరుతుంది అన్న జాబితా ఫార్మ్‌డి విద్యార్థులది. నెలనెలా చూసే బాధ్యత వాళ్లకు వచ్చాక, లేబర్ రూమ్ సిస్టర్లు మందుల సందేహాలకు వాళ్లనే పిలవడం మొదలైంది. కలిసి పనిచేయడం అంటే మాకు ఇదే కావాలి.

బ్లడ్ బ్యాంకుకు దగ్గరి దారి ఆయమ్మ చెప్పిందే. ఇప్పుడు బాణం గుర్తులతో పెట్టె మూత మీద అంటించి ఉంది.

అక్టోబరు: కొలతలు

ఉమ్మడి చదువు మీద అభిప్రాయాలు కొలవడానికి 1999లో వచ్చిన 19 ప్రశ్నల పట్టిక ఒకటి చాలాచోట్ల వాడతారు. దాన్ని వాడకూడదని నిర్ణయించాం. కలిసి నేర్చుకోవడం మంచిదేనా అని అడిగితే మొదటి రోజే అందరూ మంచిదంటారు, ఆ పైన పెరగడానికి చోటుండదు. మాకు ప్రవర్తన కావాలి.

గడియారం పట్టుకున్న ఒక పరిశీలకుడు ఈ సమయాలు రాస్తాడు: సాయం కోసం పిలుపు, సంచి అంకె మొదటిసారి గట్టిగా చదవడం, ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్, మూత్రం తీయడం, లేబుల్‌తో శాంపిల్ బయల్దేరడం. రెండో పరిశీలకుడు మూడు మెట్ల ఆర్డర్లను గీతలతో లెక్కపెడతాడు. ఈ రెండు పనులు ఒక్కరే చేయలేరు, ఏదో ఒకటి తప్పిపోతుంది. మూడో కొలత బోర్డు మీది చుక్కల మధ్య దూరం, ప్రతి డీబ్రీఫ్ తర్వాత ఫోటో తీసి దాచుతాం. నీలి చుక్క విద్యార్థి జ్ఞాపకం మీద ఆధారపడింది కాబట్టి దాన్ని పరిశోధన ఫలితంగా చూపించం. బృందంతో మాట్లాడటానికి మాత్రం దానంత పనికొచ్చేది ఇంకొకటి లేదు.

అసలు వార్డులో మారిందో లేదో కేసు షీట్లలోనే చూడాలి. రక్తం ‘మామూలు’ అని రాశారా, మిల్లీలీటర్లలో రాశారా? ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇచ్చిన సమయం ఉందా? ఈ రెండు ప్రశ్నలతో నెలకోసారి కేసు షీట్లు తిరగేసే పని మెడికల్ రికార్డ్స్ విభాగంతో కలిసి మొదలైంది.

నవంబరు: తర్వాతి కేసు

ఫిజియోథెరపీ, డైటెటిక్స్ వాళ్ల కోసం పక్షవాతం పేషెంటు డిశ్చార్జి రాస్తున్నాం. ఇది నిమిషాల కేసు కాదు, 40 నిమిషాల బల్ల చుట్టూ సమావేశం. మింగడం కష్టమన్న సంగతి నర్సింగ్ కార్డులో, ఇంట్లో మెట్లున్న సంగతి ఫిజియోథెరపీ కార్డులో, రక్తం పలుచబడే మందుతో పాటు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కుంటున్న సంగతి ఫార్మ్‌డి కార్డులో. భార్య పాత్రకు ఆశా కార్యకర్తను అడిగాం, ఆమె ఒప్పుకున్నారు. రాగిజావ పలుచన చేసి తాగించొచ్చా అని ఆమె అడుగుతారు. పలుచటి ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్న మనిషికి ఆ జావ ఎంత చిక్కగా ఉండాలో డైటెటిక్స్, నర్సింగ్ విద్యార్థులు కలిసి, గిన్నెలో కలిపి ఆమెకు చూపించాలి. రాగిపిండి, గిన్నె, విద్యుత్ పొయ్యి సామాను జాబితాలో చేరాయి.